చీరాల మగ్గం, అరబ్బుల తలగుడ్డ

చీరాల మగ్గాల మీద నేసిన ఒక చదరపు గుడ్డ ఒకప్పుడు ఓడలెక్కి వెళ్లి, పర్షియా సింధుశాఖ తీరాన, ఏడెన్ రేవులో అరబ్బుల తలలకు చుట్టుకునేది. దాని పేరు తేలియా రుమాలు. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప మరో రంగు ఉండదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా నూనె వాసన కొడుతుంది. ఎన్ని ఉతుకులైనా ఆ వాసన ఓ పట్టాన పోదు, ఎరుపు అసలే పోదు. ఎండలో తలకు చల్లగా ఉంటుందని, దుమ్ము అంతగా పట్టదని అక్కడివాళ్లు కోరి కొనేవారు. ఇవాళ అదే రుమాలు చీరాల బజారులో కావాలంటే దుకాణదారులు ముఖముఖాలు చూసుకునే పరిస్థితి.

పాలస్తీనా పేరు చెప్పగానే తలకు చుట్టుకునే గళ్ల గుడ్డ కఫియా ఎవరికైనా గుర్తుకొస్తుంది. అరబ్బుల తలగుడ్డకూ మన కోస్తాకూ చుట్టరికం ఉందన్న సంగతి మాత్రం తెలుగువాళ్లలోనే చాలామందికి తెలియదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో చీరాల, వేటపాలెం, రేపల్లె, నిజాంపట్నం అన్నీ ఒక్క గొడుగు కిందికి వచ్చాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయినా, 1916లో వేసిన తెనాలి-రేపల్లె రైలుమార్గం ఈ తీరాన్ని బజారుకు కలిపే దారుల్లో ఒకటి. ఈ చిన్న మేరలోనే చేతిపని ఎలా పుడుతుందో, ఎవరి కోసం బతుకుతుందో, ఎందుకు ఊరు మారుతుందో చెప్పే కథ మొత్తం దొరుకుతుంది.

కథ మొదలయ్యేది మగ్గం దగ్గర కాదు, రేవు దగ్గర. చీరాలకు దక్షిణాన చినగంజాం మండలంలో మోటుపల్లి ఉంది. కాకతి గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకు అభయమిస్తూ 13వ శతాబ్దంలో వేయించిన శాసనం ఇప్పటికీ అక్కడి వీరభద్రాలయంలో ఉంది. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు దోచుకోవడం అప్పట్లో ఆనవాయితీ. ఇక మీద అలా జరగదనీ, నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోమనీ ఆ శాసనం సారాంశం. విదేశీ వర్తకుడికి భరోసా ఇస్తేనే ఇక్కడి సరుకు కదులుతుందని గణపతిదేవుడికి బాగా తెలుసు. అదే శతాబ్దం చివర్లో మార్కోపోలో ఈ తీరపు బట్టల గురించి రాస్తూ, వాటి సన్నదనాన్ని సాలెగూటితో పోల్చాడు.

ఇంకాస్త ఉత్తరానికి, రేపల్లె వైపు వస్తే నిజాంపట్నం. యూరప్ వర్తకుల కాగితాల్లో ఇది పెటపోలి. డచ్చివాళ్లు 17వ శతాబ్దం మొదట్లోనే ఇక్కడ దిగారు. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ 1611 ఆగస్టులో ఇక్కడ ఆగింది. ఆ తర్వాతే మచిలీపట్నం వెళ్లి స్థావరం పెట్టుకున్నారు. వాళ్లను ఇంత దూరం రప్పించింది చేపలూ కాదు, ఉప్పూ కాదు. చిరువేరు. ఈ ఇసుక నేలల్లో పెరిగే ఓ చిన్న మొక్క వేరు అది. దాంతో అద్దిన ఎరుపు ఎండకూ నీటికీ వెలవదు. ఆగ్నేయాసియా దీవుల్లో సుగంధ ద్రవ్యాలు కొనాలంటే వెండి కన్నా కోరమండల్ తీరపు రంగు బట్టలు ఇస్తేనే బేరం కుదిరేది. లవంగాలకూ జాజికాయలకూ మారకం మన నేతగాడి గుడ్డ.

తేలియా రుమాలు గుట్టంతా ఈ ఎరుపులోనే ఉంది. నూలుకు రంగు పట్టడం వేరు, పట్టిన రంగు నిలవడం వేరు. పత్తి నూలుకు ఎరుపు ఊరికే అంటుకోదు. అందుకని నూలు చిలపలను ముందు నూనెలో, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో నానబెట్టి పిసుకుతారు. ఎండలో ఆరేస్తారు. మళ్లీ నానబెడతారు. మళ్లీ ఆరేస్తారు. రెండు మూడు వారాల పాటు రోజూ ఇదే పని. ఎండ తగిలేకొద్దీ నూనె గుణం మారి నూలులోకి ఇంకిపోతుంది. ఆ తర్వాత పటికతో కలిపి రంగులో ఉడికిస్తే, నూనె, పటిక, రంగు మూడూ ముడిపడి నూలును వదలవు. యూరప్‌లో టర్కీ ఎరుపు పేరిట ఎంతో విలువ పలికిన అద్దకం పద్ధతి కూడా దాదాపు ఇదే.

చిరువేరులో ఎరుపునిచ్చే పదార్థం అలిజరిన్. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబె, లీబర్మన్ దాన్ని తారు నుంచి తయారు చేశారు. కొద్ది ఏళ్లకే డబ్బాల్లో అమ్మకానికి వచ్చేసింది. వేర్లు తవ్వేవాళ్ల పని అక్కడితో పోయింది. చీరాల అద్దకందారులు మాత్రం తెలివిగా కొత్త అలిజరిన్‌ను తమ పాత నూనె పద్ధతిలోనే కలుపుకున్నారు. సంప్రదాయం అంటే ఏదీ మారకపోవడం అనుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. తేలియా రుమాలు ప్రపంచమంతా తిరిగింది జర్మనీ రంగుతోనే.

ఇక నేత. బట్ట నేశాక బొమ్మ అద్దడం ఇందులో లేదు. నేయకముందే, నూలు మీదే బొమ్మ పడాలి. పడుగును చట్రానికి బిగించి, ఎక్కడ తెలుపు మిగలాలో అక్కడ దారంతో గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు కింద రంగు దిగదు. ఆరాక కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తవి కట్టి రెండో రంగు. పేక నూలుకూ ఇదే తతంగం. చివరికి మగ్గం మీద పడుగులోని ఎర్ర ముక్క పేకలోని ఎర్ర ముక్కతో సరిగ్గా కలవాలి. ప్రతి పోగు దగ్గర నేతగాడు సూదిమొనతో పేకను అటో ఇటో జరిపి కుదురుస్తాడు. వెంట్రుకవాసి తప్పితే చుక్క చెదిరిపోతుంది. పడుగూ పేకా రెంటినీ ఇలా కట్టి నేసే చోట్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతే. గుజరాత్‌లోని పాటన్, ఇండోనేసియాలో బాలి దీవిలోని తెంగనన్, జపాన్‌లో కొన్ని ఊళ్లు. వాటి సరసన మన రుమాలు.

అరబ్బులకు పోయేవాటిలో గళ్లు, చుక్కలు, నక్షత్రాలే ఎక్కువ. బర్మాకూ తూర్పు ఆఫ్రికాకూ కూడా ఇవి ఎగుమతయ్యేవి. ఊళ్లో జాలర్లు, పశువుల కాపర్లు నడుముకో తలకో చుట్టుకునేవారు. హైదరాబాదు జెనానాల్లో ఇదే నేత ఓణీగా మారింది. 20వ శతాబ్దంలో గడియారాలు, విమానాలు, గ్రామఫోన్లు కూడా రుమాళ్ల మీదికి ఎక్కాయి. ఊళ్లోకి కొత్తగా వచ్చిన వింతలను నేతగాళ్లు గళ్ల లెక్కలోకి దించేసి నేసిపారేశారు.

మరి ఇంతటి బట్ట ఊరినుంచి ఎందుకు వెళ్లిపోయింది? నేసేవాళ్లు లేక కాదు. కొనేవాడు తగ్గాడు. ఇలా కట్లు కట్టి అద్ది నేసే చిటికి పని 20వ శతాబ్దం మొదట్లోనే చీరాల నుంచి నల్గొండ పల్లెలకు చేరిందని నేత చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. పోచంపల్లి, పుట్టపాక నేతగాళ్లు దాన్ని రుమాలు దగ్గర ఆపలేదు. చీరగా మార్చారు, దుప్పటిగా మార్చారు, గోడకు తగిలించే బొమ్మగా మార్చారు. గల్ఫ్ బేరం తగ్గినా వాళ్లకు హైదరాబాదు ఉంది, ఢిల్లీ ఉంది. పుట్టపాక నేతకారుడు గజం గోవర్ధనకు 2011లోనూ, గజం అంజయ్యకు 2013లోనూ పద్మశ్రీ వచ్చింది. ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం తల్లి భుజాల నొప్పి చూడలేక నూలు పోగులు చుట్టే ఆసు యంత్రం చేసి 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దక్కింది, అదీ పుట్టపాక పేరు మీదనే. చీరాలవాళ్లకు ఇది కాస్త కష్టంగానే ఉండొచ్చు. కానీ కాపాడినవాడికే పేరు దక్కడంలో అన్యాయం ఏమీ కనిపించదు.

అరబ్బుల చేతిపనులకు పాలస్తీనాలో ఇంతకన్నా పెద్ద కష్టం వచ్చింది. గాజాకు ఉత్తరాన మజ్దల్ అనే నేతల ఊరు ఉండేది. 1948 యుద్ధం, ఆ తర్వాతి రెండేళ్లలో ఊరు ఖాళీ అయి, నేతగాళ్లు గాజాకు చేరి మళ్లీ మగ్గాలు వేసుకున్నారు. పాలస్తీనా పల్లెల్లో ఆడవాళ్లు కుట్టే తత్రీజ్ అనే సూదిపనిని 2021లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. బెత్లెహేములో ఆలివ్ కర్ర బొమ్మలు, ముత్యపు చిప్పల పని చేసేవాళ్ల బతుకంతా క్రైస్తవ యాత్రికుల మీదే ఆధారం. కోవిడ్ వచ్చిన 2020లో యాత్రికులు ఆగారు, 2023 అక్టోబరు యుద్ధంతో మళ్లీ ఆగారు, ఆగిన ప్రతిసారీ అంగళ్లు మూతపడ్డాయి.

హెబ్రోన్‌లో హిర్బావి కఫియా కార్ఖానా సంగతి మనవాళ్లు మరీ శ్రద్ధగా వినాల్సింది. 1961లో యాసర్ హిర్బావి జపాన్ సుజుకి మగ్గాలతో దాన్ని పెట్టాడు. 1990లలో చైనా నుంచి చవక కఫియాలు దిగడంతో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. ఆలోగా కఫియా ప్రపంచమంతటా ఒక జెండాలా మారింది, అయినా అమ్ముడయ్యేది చైనా సరుకే. కార్ఖానాను మళ్లీ లేపింది అసలు ఏదో నకిలీ ఏదో తెలుసుకుని నేరుగా ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టిన దూరదేశాల జనం. 2023 తర్వాత నేసింది నేసినట్టే అయిపోయి, కొనేవాళ్లు వరసలో ఉండాల్సి వచ్చింది. హిర్బావివి మరమగ్గాలే సుమా, చేతిమగ్గాలు కావు. అక్కడ పనిచేసింది చేతినేత మీద మోజు కాదు. ఇది ఎక్కడ, ఎవరు నేశారన్నది కొనేవాడికి తెలియడం.

చీరాల వైపు నేతగాళ్లకు అలా తెలిసిన కొనుగోలుదారు ఎన్నడూ దొరకలేదు. రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ సంగతే తీసుకుంటే, పేరులో మద్రాసు ఉన్నా ఆ గళ్ల గుడ్డను పెద్దయెత్తున నేసింది చీరాల, వేటపాలెం, జాండ్రపేట లాంటి ఆంధ్ర తీరపు ఊళ్లు. కొన్నది పశ్చిమ ఆఫ్రికా, ముఖ్యంగా నైజీరియా. నైజర్ నది ముఖద్వారంలో ఉండే కలబరి తెగవాళ్లకు ఈ గుడ్డ లేకపోతే పురుడూ లేదు, పెళ్లీ లేదు, చావూ లేదు. వాళ్ల ఆడవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, మనవాళ్లు నేసిన గళ్లలో ఎంచిన పోగులను బ్లేడుతో కోసి, ఊడబీకి, సరికొత్త బొమ్మ తెప్పిస్తారు. మనం పోగు పోగూ చేర్చి నేసినదాన్ని అక్కడ పోగు పోగూ తీసి అందంగా చేస్తారన్నమాట. వేటపాలెం మగ్గం మీద కూర్చున్నవాడికి ఈ సంగతి తెలిసే వీలే లేదు. తన బట్ట మద్రాసు సేటు దగ్గరికి పోతుందని మాత్రమే తెలుసు. 1970ల తర్వాత నైజీరియా బేరం దెబ్బతిన్నప్పుడు, ఎందుకు దెబ్బతిన్నదో కూడా తెలియకుండానే ఆ నేతగాడు మగ్గం దిగాడు.

చేతగాక మిన్నకున్న జనమేమీ కాదు వీళ్లు. చీరాల-పేరాల ఉద్యమం చిన్నప్పటి పాఠ్యపుస్తకాల్లో అందరూ చదివిందే. పురపాలక సంఘం పేరుతో పన్నులు పెంచితే, 1921లో ఊరు ఊరంతా ఇళ్లు వదిలి, పక్కనే రామనగర్ అని పాకలు వేసుకుని 11 నెలలు ఉన్నారు. అలా వెళ్లినవాళ్లలో నేత కుటుంబాలు ఎన్నో. వాళ్లను నడిపించిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గురించి పుస్తకాల్లో అంతగా రాయని ముచ్చట ఒకటుంది. భారతీయ చేతిపనుల గొప్పతనాన్ని ప్రపంచానికి చాటిన ఆనంద కుమారస్వామితో కలిసి ఆయన నాట్య గ్రంథమైన అభినయ దర్పణాన్ని ఇంగ్లిష్‌లోకి అనువదించాడు. 1917లో ఆ పుస్తకం అమెరికాలో అచ్చయింది. కళను గురించి అమెరికావాళ్లకు చెప్పిన మనిషే నాలుగేళ్ల తర్వాత చీరాల నేతగాళ్లతో ఇసుకలో పాకలు వేయించాడు.

ఆ తర్వాతి తరంలో ప్రగడ కోటయ్య. బాపట్లకూ తెనాలికీ మధ్య రైలు ఆగే నిడుబ్రోలులో 1915లో పుట్టారు. జీవితమంతా చేనేత సంఘాలకే అంకితమై, శాసనసభలోనూ రాజ్యసభలోనూ ఆ గొంతే వినిపించి 1995లో కన్నుమూశారు. వెంకటగిరిలోని చేనేత సాంకేతిక విద్యాసంస్థకు ఆయన పేరే పెట్టారు. నేతగాడు వర్తకుడి గుమ్మం తొక్కకుండా నూలు సొసైటీలో తీసుకోవాలి, బట్ట సొసైటీకే ఇవ్వాలి అన్న సహకార ఉద్యమానికి ఈ ప్రాంతంలో ఆయనే పెద్దదిక్కు. 1976లో ఏర్పడిన రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో కూడా ఆ ఆలోచన మీద నిలిచినదే. సొసైటీల్లో దొంగ మగ్గాల లెక్కలు చేరడం, ఆప్కో బకాయిలు ఏళ్ల తరబడి నిలిచిపోవడం ఆయన కోరుకున్నవి కావు. కానీ నేత ఊళ్లలో ఎవరిని కదిలించినా ముందు వినిపించేవి ఇవే.

చట్టాలకు కొదవ లేదు. కొన్ని రకాల బట్టలు చేతిమగ్గం మీదే నేయాలంటూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. తొలుత 22 రకాలు, ప్రస్తుతం 11. మరమగ్గాలవాళ్లు కోర్టుకెక్కగా 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. ఈలోపే 1991లో నూలు ధర భగ్గుమంది. ఎగుమతుల పేరుతో నూలు దేశం దాటిపోతుంటే, ఇక్కడ చిలప కొనలేక ప్రకాశం, గుంటూరు జిల్లాల నేత ఇళ్లలో ఆకలి చావులు, ఆత్మహత్యలు జరిగాయి. మిల్లులు తమ నూలులో ఇంత శాతం చేతిమగ్గాలకు పనికొచ్చే చిలపల రూపంలో ఇచ్చి తీరాలనే నిబంధన ఒకటుంది. ఒకప్పుడు అది 50 శాతం. 2003లో 40కి, 2019లో 30కి తగ్గింది. ఈ అంకెలు వార్తల్లోకి రావు, వచ్చినా ఎవరూ చదవరు. మగ్గం ఆడుతుందా ఆగుతుందా అనేది మాత్రం వీటి మీదే ఆధారపడుతుంది.

రుమాళ్లు పోయాయి, లుంగీలు తగ్గాయి, చీరాలకు మిగిలిన ధీమా కుప్పడం చీర. ఒక జిల్లా ఒక ఉత్పత్తి పథకంలో బాపట్ల జిల్లా తరఫున నిలబడ్డదీ ఇదే. కుప్పడం పనితనం అంచు దగ్గర ఉంటుంది. మామూలు చీరలో నాడె ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే పరుగు తీస్తుంది. కుప్పడంలో అలా కాదు, మూడు నాడెలు కావాలి. చీర ఒడలికి ఒకటి, చెరో అంచుకు ఒక్కోటి. ఒడలి పోగు అంచు దాకా వచ్చి ఆగుతుంది. అంచు పోగు అటునుంచి వచ్చి దాన్ని కొక్కెంలా పట్టుకుని వెనక్కి తిరుగుతుంది. పచ్చ చీరకు ఎర్రంచు అంటే, రంగులు ఒకదానిలోకి ఒకటి చొరబడకుండా గీత గీసినట్టు విడిగా ఉంటాయి. ఆ కలిసే చోటే గోపురాల్లాంటి మొనలు వరసగా లేస్తాయి. అంచు పెద్దదైతే మగ్గం పక్కన ఇంకో మనిషి కూర్చుని అంచు నాడె అందించాలి. ఎక్కువ ఇళ్లలో ఆ ఇంకో మనిషి భార్యే.

ఆమె పని అంతటితో అయిపోదు. తెల్లవారి రాట్నం తిప్పి కండెలు చుట్టేది, తెగిన పోగులు అతికేది, పడుగు సరిచేసేటప్పుడు రెండో కొస పట్టుకునేది ఆమే. మాస్టర్ వీవరు ఇచ్చే మజూరీ చీర లెక్కన, అది మగ్గానికి ఒక్కటే. 2019-20లో చేసిన నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, దాని అనుబంధ పనులవారు 35.22 లక్షల మంది. అందులో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లే. మూడింట రెండు వంతుల నేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపు. పడుగూ పేకా, పట్టూ జరీ అన్నీ మాస్టర్ వీవరువే, డిజైనూ ఆయనదే, అమ్మకమూ ఆయనదే. ఆయన్ని దుర్మార్గుడని తిట్టడం తేలిక. పెళ్లిళ్ల కాలం కాని నెలల్లో సరుకు పేరుకుపోయి తానూ అప్పుల్లో ఉంటాడన్నది రెండో పక్క. అయినా, చీర ఎవరికి ఎంతకు అమ్ముడైందో తెలిసినవాడు ఆయనే, తెలియనివాడు నేసినవాడే. డబ్బు ఎటు నిలబడుతుందో చెప్పడానికి ఈ ఒక్క తేడా చాలు.

సముద్రం ఒడ్డు కావడంతో వానకూ నేతకూ చుక్కెదురు. ఇక్కడివి ఎక్కువగా గుంట మగ్గాలు. నేలలో గుంట తీసి, కాళ్లు లోపల పెట్టుకుని కూర్చుంటేనే తొక్కుడు సాగుతుంది. అల్పపీడనం పట్టి నాలుగు రోజులు ముసురేస్తే అడుగు నుంచి ఊట లేచి గుంట నిండిపోతుంది. పడుగు చెమ్మగిల్లి పోగులు తెగుతాయి. చీరాల, వేటపాలెంలోనే కాదు, రేపల్లె వైపు భట్టిప్రోలు పరిసరాల నేత ఊళ్లలోనూ ఇదే గోడు. నీళ్లు తోడి, గుంట ఆరి, మళ్లీ నాడె ఆడేదాకా పోయిన రోజులకు మజూరీ ఎవరూ ఇవ్వరు.

చీరాల ఎం.జి.సి. మార్కెట్‌కు వెళ్లినవాళ్లకు మాత్రం ఈ దిగులేదీ కనపడదు. వరసగా అంగళ్లు, గుట్టలుగా బట్టలు, బస్సుల్లో, కార్లలో దిగే పెళ్లివారు. చిన్న బొంబాయి అని ఊరికే అనలేదు జనం. చిక్కల్లా ఆ గుట్టల్లో సూరత్ మిల్లుదీ, మరమగ్గందీ, జాండ్రపేట గుంట మగ్గందీ పక్కపక్కనే పడి ఉండటంలో ఉంది. కుప్పడం మాదిరి అంచును మరమగ్గం మీద దింపిన చీర సగం ధరకే దొరుకుతుంటే, తెలియనివాడు దాన్నే తీసుకుంటాడు. చీరాలలో కొన్నాం కాబట్టి చేనేతే అనే నమ్మకంతో ఇంటికి వెళతాడు. హెబ్రోన్ కఫియాకు చైనా చేసిన పనే కుప్పడం చీరకు మన మరమగ్గం చేస్తోంది. రెండింటికీ మధ్య సముద్రం కూడా లేదు.

తెనాలికి వస్తే చేతిపనికి మరో రకం బజారు కనిపిస్తుంది. ఇక్కడి శిల్పులు కంచుతో, ఫైబరుతో, ఇనుప తుక్కుతో విగ్రహాలు పోస్తారు. తెలుగు ఊళ్ల కూడళ్లలో నిలబడ్డ నాయకుల్లో తెనాలిలో తయారైనవాళ్లు తక్కువేం కాదు. సూర్య శిల్పశాలకు చెందిన కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర సైకిలు గొలుసులు, గేరు చక్రాలు, నట్లు, బోల్టులు ఏరి తెచ్చి 2021లో చేసిన 14 అడుగుల నరేంద్ర మోదీ విగ్రహం దేశమంతా పత్రికలకెక్కింది. అంతకుముందు సుమారు 75,000 ఇనుప నట్లతో ధ్యానముద్రలోని గాంధీని చేశారు. రాజకీయం ఎవరిదైతేనేం, ఆర్డరు బెంగళూరు నుంచి వచ్చినా ఇంకో చోటు నుంచి వచ్చినా పని తెనాలి చేతిదే.

తెనాలి శిల్పికీ చీరాల నేతగాడికీ పనితనంలో ఎక్కువ తక్కువలు ఎంచడం కుదరదు. వ్యత్యాసమంతా అమ్మకంలో. విగ్రహం కావలసినవాడు శిల్పశాలకే ఫోను చేస్తాడు, మట్టి నమూనా చూడటానికి తానే వస్తాడు, ముక్కు సరిగా రాలేదంటే ముఖం మీదే చెబుతాడు. విగ్రహావిష్కరణ రోజున శిల్పి పేరు నలుగురికీ తెలుస్తుంది. అదే చీర మీద మాత్రం ఎవరి పేరూ ఉండదు. అంగడి పేరు ముద్రించిన సంచిలో పెట్టి ఇస్తారు, అంతే. ఈ మధ్య చీరాల, మంగళగిరి నేత కుటుంబాల్లో చదువుకున్న పిల్లలు వాట్సప్ గుంపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో మగ్గం మీదున్న చీరనే వీడియో తీసి పెట్టి, అమెరికాలోని తెలుగువాళ్లకు నేరుగా అమ్ముతున్నారు. ఇదింకా మొలక స్థాయే. కాకపోతే హిర్బావి కార్ఖానాను నిలబెట్టిన దారీ ఇలాంటిదే కనుక, ప్రభుత్వం రాయితీల మీద పెట్టే ధ్యాసలో కొంత ఈ పిల్లలకు ఫొటో, పార్శిలు, విదేశీ చెల్లింపుల సంగతులు నేర్పించడం మీద పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

ఆ పని సర్కారు చేసేలోపు కొనేవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. ఈసారి పెళ్లి బట్టలకు చీరాల వెళ్లినప్పుడు ఎం.జి.సి. మార్కెట్‌తో ఆగిపోకుండా, మరికాస్త ముందుకెళ్లి జాండ్రపేటలోనో వేటపాలెంలోనో మగ్గాలున్న వీధిలో ఓసారి నడవండి. అంగట్లో కొన్నా సరే, 2006 నుంచి కేంద్రం ఇస్తున్న హ్యాండ్‌లూమ్ మార్క్ చీటీ చూపించమని అడగండి. చీరను తిరగేసి అంచూ ఒడలూ కలిసేచోట పోగులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయా లేదా చూడండి. చీర కొసల వెంట వరసగా సన్న రంధ్రాలు కనిపిస్తే, అవి నేసేటప్పుడు వెడల్పు తగ్గకుండా బద్దకు బిగించిన మేకుల గుర్తులు. చాలామంది అది లోపమనుకుని చీర పక్కన పెట్టేస్తారు. పక్కన పెట్టకండి, చేతిమగ్గం మీద నేసినదనడానికి అదీ ఒక గుర్తే. బేరం ముగిశాక దీన్ని నేసింది ఎవరు, ఏ ఊరు అని కూడా అడగండి. చెప్పలేని అంగట్లో చేనేత ధర ఇవ్వకండి.